డీకంపెన్సేషన్ అంటే ఏమిటి?
(జంషెడ్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్పత్రి డిశ్చార్జి కాగితంలో ‘డీకంపెన్సేషన్’ అన్న మాట చూసి చాలామంది కంగారు పడతారు. ఈ ఉక్కునగరంలో కాంపెన్సేషన్ అంటే నష్టపరిహారం. వైద్యంలో అర్థం వేరు. శరీరం తన లోటును వేరే దారిలో పూడ్చుకుంటే కాంపెన్సేషన్. ఆ పూడ్చుకునే శక్తి చాలకపోతే డీకంపెన్సేషన్.

గుండె బలహీనపడితే వెంటనే చేతులెత్తెయ్యదు. వేగం పెంచుతుంది. మూత్రపిండాలు ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. పైకి మనిషి బాగానే ఉంటాడు. పోస్టులో ఒకరు తక్కువైతే మిగతావాళ్లు డబుల్ డ్యూటీ చేస్తారే, అలాగన్నమాట. ఎన్నాళ్లు చేస్తారు? మాత్రలు మానేసినా, ఊరినుంచి తెచ్చుకున్న ఆవకాయ రెండు పూటలా తిన్నా, ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా తూకం తప్పుతుంది. నిలవచేసుకున్న నీరే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

గుర్తులు చెబుతాను. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, తలకింద ఇంకో దిండు కావలసిరావడం, పాదాల వాపు, 3 రోజుల్లో 2 కిలోలకు మించి బరువు పెరగడం. ఇవి కనిపిస్తే అదే రోజు డాక్టర్ని కలవండి. కూర్చున్నా ఊపిరాడకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మానసిక వైద్యంలోనూ ఇదే మాట వాడతారు. ఏళ్ల తరబడి మోసిన భారాన్ని క్రమశిక్షణ, పని, తోటివాళ్ల కబుర్లు ఆపి ఉంచుతాయి. రిటైర్‌మెంటుతో ఆ మూడూ ఒక్కసారే పోవచ్చు. నిద్ర పట్టదు, కోపం, మందు పెరుగుతాయి, మనిషి ఒంటరిగా ఉండిపోతాడు.

గుండె, మనసు రెండూ సైనికుడిలో కలిసే పలుకుతాయని పాత సంగతే. అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో దడ, ఆయాసం గురించి డాక్టర్ డా కోస్టా 1871లోనే రాశారు. తర్వాత దాన్ని ‘సైనికుడి గుండె’ అన్నారు. అయితే దడ వస్తే మనోవ్యథేనని వదిలెయ్యకండి. ముందు గుండె పరీక్ష చేయించాలి.

మనవాళ్లకు ‘సబ్ ఠీక్ హై’ అనడం అలవాటు. యూనిట్‌లో ఆ మాట ధైర్యాన్నిచ్చింది. ఇంట్లో మాత్రం జబ్బును దాచిపెడుతుంది. అందుకని అమ్మలూ, మీరు ‘ఎలా ఉన్నారు’ అని అడిగి ఊరుకోకండి. ‘రాత్రి ఎన్ని దిండ్లు? ఎన్ని గంటలు నిద్ర?’ అని అడగండి. ‘నేను లేకపోతేనే నయం’ అన్నమాట వినిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

డీకంపెన్సేషన్ అంటే ఓటమి కాదు. ఇన్నాళ్లూ ఒంటరిగా మోసినవాడికి ఇప్పుడు సాయం కావాలని అర్థం. సమయానికి అందితే చాలామంది మళ్లీ కోలుకుంటారు.

సెలవు. జైహింద్.