రెడ్ కార్ల మేడలో కాపురాలు

లాస్ ఏంజెలెస్‌లో మెయిన్ వీధి, ఆరో వీధి కలిసే చోట పసిఫిక్ ఎలక్ట్రిక్ భవనం ఉంది. రైల్వే వ్యాపారి హెన్రీ హంటింగ్టన్ కట్టించిన ఈ మేడ 1905లో తెరుచుకుంది. పైన ఆఫీసులు, కింద స్టేషన్. ‘రెడ్ కార్స్’ అనే కరెంటు రైళ్లు ఇక్కడి నుంచే సముద్రతీరానికీ, నారింజ తోటల ఊళ్లకూ వెళ్లేవి. ఆ పట్టాలు వెయ్యి మైళ్లకు పైమాటే! జనం సొంత కార్లకు అలవాటుపడ్డాక లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1961లో లాంగ్ బీచ్ రైలూ ఆగిపోయింది.

పాత భవనాలను ఇళ్లుగా మార్చుకునేందుకు 1999లో నగరపాలక సంస్థ పార్కింగ్ వంటి నిబంధనలను సడలించింది. మంచి పని చేసింది. లేకుంటే ఇలాంటి మేడలు ఎన్ని నేలమట్టమయ్యేవో! 2005లో ఈ పసిఫిక్ ఎలక్ట్రిక్ భవనంలోనూ లాఫ్ట్ అపార్ట్‌మెంట్లు వెలిశాయి. గదులుగా విడగొట్టని విశాలమైన ఇళ్లవి. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలున్న పాత ఆఫీసు అంతస్తులు వాటికి చక్కగా అమరాయి.