ట్రాక్టరు వెనుక ఇరుసులో నూనె కారకుండ

1967లో సాగరు కాలువలకు నీరు వదిలిన పిదప నల్లగొండ జిల్లాలో వరి దమ్ము పెరిగినది. నేడు ఆ పని చాలవరకు ట్రాక్టరుదే. అక్కడ బురద, పాలమూరు చలకలలో దుమ్ము యంత్రమునకు శత్రువులు. వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ పెట్టె మూత అతుకులో సందు పడినచో నూనె కారును, నీరు చేరును. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని తెలియవలెను. అట్టి నూనెతో నడిపినచో క్రౌను, పినియను పండ్లు అరిగిపోవును.

మూత విప్పినప్పుడు పాత ప్యాకింగును గీతలు పడకుండ గీకి, కిరసనాయిలుతో కడిగి, జిడ్డు లేకుండ పొడిగుడ్డతో తుడవవలెను. పిదప కొత్త ప్యాకింగు గాని, సిలికాన్ పేస్టు గాని, కంపెనీ పుస్తకములో చెప్పినదే వాడవలెను. పేస్టును బోల్టు రంధ్రములకు లోపలివైపున, తెగకుండ, సన్నని తీగవలె పూయవలెను. ఎక్కువ పూసిన మేలని తలచరాదు. లోనికి జారిన ముక్కలు నూనె జల్లెడకు అడ్డుపడును. అనేక ట్రాక్టరులలో లిఫ్టు కూడ అదే నూనెతో పనిచేయును. బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించి, పేస్టు డబ్బాపై వ్రాసినంత సేపు ఆగి నూనె పోయవలెను.

అయినను కారినచో గాలిరంధ్రము చూడుడు. అది మట్టితో మూసుకొనినచో లోపలి వేడిగాలి నూనెను సందులగుండ బయటికి నెట్టును.

ప్యాకింగు ఖర్చు స్వల్పము. దమ్ము అదనులో ట్రాక్టరు ఆగినచో నారు ముదిరిపోవును.