ఏ చదువు? ఏ వృత్తి?



పరీక్షా ఫలితాలు వెలువడే వేసవి రోజులలో సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతానికి వెళ్లినవారికి రెండు ధ్వనులు కలగలిసి వినిపిస్తాయి. ఒకటి మరమగ్గాల చప్పుడు. ఆ మరమగ్గాలను అక్కడి తెలుగువారు సాంచాలంటారు. రెండవది తెలంగాణ పలుకుబడిలోని తెలుగు మాట. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపనిని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అనేకం తపతీ తీరాన స్థిరపడి, ఆ మహానగరపు వస్త్ర పరిశ్రమలో భాగమైపోయాయి. వారి పిల్లల చదువు కోసం నగరపాలక సంస్థ విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు పాఠశాలలతోపాటు తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతున్నది. భిన్న భాషల ప్రజలు ఒకే ఊరిలో శ్రమించి బ్రతికే మన దేశ జీవనానికి ఇదొక చక్కని ఉదాహరణ.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. పెద్దకొడుకు పన్నెండవ తరగతి ప్యాసయ్యాడు. తండ్రి పన్నెండు గంటల షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుంటూ అడుగుతాడు: “ఇప్పుడేం చదువుతవు బిడ్డా?” కొడుకు తలవంచుకుని, “ఇంకా ఏమీ తేలలేదు బాపూ” అంటాడు. ఇంజనీరింగు చదవమని పొరుగువారి సలహా. బట్టల మార్కెట్టులో లెక్కలు రాసే పనిలో పెట్టించడానికి మేనమామ సిద్ధంగా ఉన్నాడు. స్నేహితుడు వజ్రాల సానపట్టు పనిలో చేరి అప్పుడే జీతం తెచ్చుకుంటున్నాడు. తనకేది ఇష్టమో మాత్రం ఆ విద్యార్థికి తెలియదు.

సంపన్నుల ఇంట ఈ సందిగ్ధం కొద్దిరోజుల ముచ్చట. నేతకార్మికుని ఇంట అది అలా ఉండదు. మూడేళ్ల చదువంటే మూడేళ్ల ఫీజులు మాత్రమే కాదు, ఆ మూడేళ్లలో ఇంటికి రాకుండా పోయే కూలి కూడా. ఎంపిక తప్పితే మరొకమారు మొదలుపెట్టే స్తోమత ఆ తండ్రికి ఉండదు. తమ్ముడి చదువు, చెల్లెలి చదువు కూడా ఈ నిర్ణయంపైనే ఆధారపడి ఉంటాయి. కనుకనే “ఏదో ఒకటి చదువు” అన్న మాట గానీ, “నీకిష్టమైనది చదువు” అన్న మాట గానీ ఆ ఇంటికి సరిపోదు. మరి సరిపోయే మాట ఏది?

సమాధానం వెతకడానికి సూరత్ చరిత్రలోనే ఒక జీవితం ఉన్నది. అది గుజరాతీ ఆధునిక సాహిత్యానికి ఆద్యుడైన కవి నర్మద్ జీవితం. నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో జన్మించారు. ఆ జన్మదినాన్నే నేడు గుజరాతీ భాషాదినంగా జరుపుకొంటున్నారు. బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదువుకు చేరిన ఆ యువకుడు తల్లి మరణానంతరం చదువు విడిచి ఊరికి తిరిగి వచ్చారు. సంసార బాధ్యత మీదపడటంతో 1852లో సూరత్ ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్‌లో బడిపంతులుగా చేరారు. తరువాత మళ్లీ బొంబాయి వెళ్లి చదువు కొనసాగించారు, మళ్లీ విడిచారు, మళ్లీ ఉపాధ్యాయులయ్యారు. ఇరవై అయిదేళ్లు నిండేవరకు ఆయన మార్గం ఇలా వెనకకు ముందుకు ఊగుతూనే ఉన్నది. నాటి ఇరుగుపొరుగువారు ఆయనను నిలకడలేని మనిషి అని అనుకొని ఉంటే అందులో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ సంవత్సరాలు వృథా కాలేదు. బడిలో పాఠాలు చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా కవిత్వం రాస్తూ, ఛందస్సు అభ్యసిస్తూ ఆయన తన పని ఏదో తెలుసుకున్నారు. 1858 నవంబరు 23న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇకపై కలాన్ని నమ్ముకొనే జీవించాలని నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయ ఫలితంగా గుజరాతీ వచనం ఒక రూపం దిద్దుకున్నది. 1864లో ‘దాండియో’ పత్రిక వెలువడింది. ఏళ్ల తరబడి సాగిన ఒంటరి కృషితో గుజరాతీ పదాలకు గుజరాతీలోనే అర్థాలు చెప్పే ‘నర్మకోశం’ 1873లో సంపూర్ణంగా వచ్చింది. వితంతు వివాహాన్ని సమర్థిస్తూ ఆయన చేసిన పోరాటం సమాజాన్ని కదిలించింది.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపి, “మనసుకు నచ్చినదానికోసం ఉద్యోగాన్ని వదులుకోవాలి” అని నీతి చెబుతారు. కానీ కథ ఇక్కడితో ముగియలేదు. కలం సంపాదన కుటుంబానికి చాలలేదు, అప్పులు పెరిగాయి. ఇరవై నాలుగేళ్లు తన ప్రతిజ్ఞను నిలబెట్టుకున్న ఆ కవి 1882లో బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థలో ఉద్యోగానికి ఒప్పుకోవలసి వచ్చింది. అది ఆయనను ఎంతగానో బాధించింది. 1886లో ఆయన కన్నుమూశారు. కళాశాల చదువును పూర్తిచేయని ఆ వ్యక్తి పేరునే 2004లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి పెట్టారు. నేడు సూరత్‌లో వేలాది యువతీయువకులు పుచ్చుకొనే పట్టాల మీద ఉన్నది ఆయన పేరే.

ఈ జీవితం నుంచి గ్రహించవలసినవి రెండు. ఒకటి: ఆయన ముందు నిర్ణయించుకుని తరువాత పని మొదలుపెట్టలేదు, పనిచేస్తూ నిర్ణయానికి వచ్చారు. రెండు: నచ్చిన వృత్తిని ఎన్నుకున్నవాడు కూడా జీవనోపాధి లెక్కను తప్పించుకోలేడు. ఆ లెక్కను ముందే వేసుకోవడం ఆదర్శానికి ద్రోహం కాదు.

ఇదే కాలంలో గోదావరి తీరాన మరొక యువకుడు మరొక పద్ధతిలో తన దారి తేల్చుకున్నారు. రాజమహేంద్రవరంలో 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగం ఏది కావాలో ఆలోచించడానికి ముందు ఏది తగదో ఆలోచించారు. న్యాయవాద వృత్తిలో అసత్యమాడక తప్పదని భావించి దానిని విడిచారు. కచేరీ ఉద్యోగాలలోని లంచగొండితనం చూసి వాటినీ కాదనుకున్నారు. మిగిలింది ఉపాధ్యాయవృత్తి. కోరంగిలో, ధవళేశ్వరంలో పాఠాలు చెబుతూనే 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. నర్మద్ ఉద్యోగాన్ని వదిలి రచయిత అయ్యారు. వీరేశలింగం ఉద్యోగంలో ఉంటూనే రచయిత అయ్యారు. దారులు వేరు, సాధించిన సంస్కారం ఒక్కటే. వృత్తి నిర్ణయానికి ఒకే ఒక సరైన మార్గం లేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు లింబాయత్ విద్యార్థి దగ్గరకు తిరిగి వద్దాం. అతడు తనను తాను “నాకేమంటే ఇష్టం?” అని అడిగితే సమాధానం రాదు. ఎందుకంటే చేసి చూడని పని మీద ఇష్టం గానీ అయిష్టం గానీ ఎలా కలుగుతుంది? అతడు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఏ పని చేస్తున్నప్పుడు గంటలు తెలియకుండా గడుస్తాయి? ఏ పనికి మనస్సాక్షి గానీ శరీరం గానీ ఒప్పుకోదు? తనకు తెలిసిన ఊరిలో ఏ పనికి మనుషులు కావాలి?

మూడవ ప్రశ్నకు సూరత్ నగరమే పెద్ద పాఠ్యపుస్తకం. ఒక చీర తయారు కావాలంటే మగ్గం ఒక్కటే చాలదు. నూలు నాణ్యత చూసేవారు కావాలి. రంగుల అద్దకానికి రసాయనశాస్త్రం తెలిసినవారు, ఆ మురికినీటిని శుద్ధిచేయడానికి పర్యావరణ ఇంజనీర్లు కావాలి. పూలూ లతలూ గీసే చిత్రకారులు, యంత్రాన్ని బాగుచేసే మెకానిక్కులు, పన్నుల లెక్కలు తెలిసిన కామర్స్ పట్టభద్రులు, దూరప్రాంతాల వర్తకులతో వారి భాషలో ఉత్తరప్రత్యుత్తరాలు నడపగలవారు కావాలి. వజ్రాల పరిశ్రమలో సైతం సానపట్టే చేతి నైపుణ్యానికి తోడు నేడు లేజరు యంత్రాలు, కంప్యూటర్లు వచ్చాయి. ఆ విద్య నేర్పడానికి 1978 నుంచే నగరంలో భారతీయ వజ్ర సంస్థ ఉన్నది. 1994లో ప్లేగు భయం ఆ నగరాన్ని కుదిపివేసింది. ఆ తరువాత ఎస్.ఆర్. రావు నగరపాలక కమిషనరుగా ఉన్న కాలంలో జరిగిన పారిశుద్ధ్య కృషి దేశమంతటికీ ఆదర్శమైంది. వైద్యుడు, సివిల్ ఇంజనీరు, పరిపాలనాధికారి, పారిశుద్ధ్య పనివాడు అందరూ కలిస్తేనే ఒక నగరం బ్రతుకుతుందని ఆనాడు అందరికీ తెలిసివచ్చింది.

ఒకే పరిశ్రమను నమ్ముకోవడంలోని ప్రమాదాన్ని కూడా ఆ నగరమే చూపించింది. 2008లో ప్రపంచ ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు వజ్రాల కార్ఖానాలు మూతపడి అనేకమంది పనివారు వీధిన పడ్డారు. ఒక్క పనిని మాత్రమే నేర్చినవారికి మరొక పని దొరకడం కష్టమైంది. కాబట్టి ఈనాడు జీతమిచ్చే పని ఏది అన్న ప్రశ్నతోపాటు, ఈ పని పోతే నా చదువు నన్ను మరెక్కడికి తీసుకుపోగలదు అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఇక చదువుల ద్వారాల సంగతి. కొన్ని ద్వారాలు ఒకవైపే తెరుచుకుంటాయి. పదవ తరగతి తరువాత గణితం, సైన్సు తీసుకున్నవాడు ఆ తరువాత కామర్సుకు గానీ సాహిత్యానికి గానీ మళ్లవచ్చు. కామర్సు, ఆర్ట్సు తీసుకున్నవాడు ఇంజనీరింగుకు మళ్లడం దాదాపు అసాధ్యం. మనస్సు తేలనివాడు తనకు చేతనైనంతవరకు ఎక్కువ ద్వారాలు తెరచి ఉంచే దారిని పట్టడం వివేకం. అయితే గణితం పేరు వింటేనే నిద్రపట్టని బిడ్డను ఈ కారణం చెప్పి అందులోకి తోయడం వివేకం కాదు. త్వరగా సంపాదన అవసరమైన ఇంటికి పదవ తరగతి తరువాత మూడేళ్ల డిప్లొమా మంచి మెట్టు. దానితో ఉద్యోగంలో చేరవచ్చు. అర్హత ఉంటే ఇంజనీరింగు డిగ్రీ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు.

ఉద్యోగం చేస్తూ చదువుకొనేవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. దేశంలో మొట్టమొదటిది 1982లో హైదరాబాదులో తెలుగువారే స్థాపించుకున్నారు. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం డిగ్రీ చదువును మధ్యలో ఆపవలసి వచ్చినవారికి ఒక ఏడాదికి సర్టిఫికెట్టు, రెండేళ్లకు డిప్లొమా ఇవ్వాలని, వారు తిరిగి వచ్చి చదువు కొనసాగించే వీలుండాలని చెప్పింది. ఇది అన్నిచోట్లా ఒకే తీరుగా అమలు కావడం లేదు కనుక చేరబోయే కళాశాలలో ముందుగానే విచారించుకోవాలి. ఇంతకు చెప్పవచ్చేదేమంటే, పద్దెనిమిదేళ్ల వయసులో చేసిన నిర్ణయం జీవితాంతపు సంకెల కానక్కరలేదు.

విచారించడమన్నది కూడా ఒక చదువే. సెలవులలో నెలరోజులు అద్దకపు మిల్లు ప్రయోగశాలలోనో, లెక్కల కార్యాలయంలోనో, బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతూనో గడిపితే పది ఉపన్యాసాలు చెప్పలేనిది తెలుస్తుంది. ఆ పనిలో పదేళ్లుగా ఉన్నవారిని జీతమెంత అని మాత్రమే కాక, ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏం చేస్తారని అడగాలి. ఒక గడువు కూడా పెట్టుకోవాలి. గడువులేని సందేహం సోమరితనంగా మారుతుంది.

సూరత్ తెలుగు విద్యార్థికి ఒక ఆస్తి ఉన్నది. దానిని అతడు గుర్తించడు. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. నాలుగు భాషలు మాట్లాడగలవాడు వ్యాపారంలోనైనా, పత్రికలోనైనా, న్యాయస్థానంలోనైనా, అనువాదంలోనైనా ఎందుకు పనికిరాడు? మాతృభాష రాతను మరచిపోకుండా, ప్రాంతీయ భాషను పరాయిగా చూడకుండా ఉన్నప్పుడే ఆ ఆస్తి నిలుస్తుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. “ఇంకా తేలలేదు” అని బిడ్డ నిజం చెప్పినప్పుడు కోపగించుకుంటే, మరుసటిసారి అబద్ధం చెబుతాడు. ఇంటి ఆదాయమెంత, ఎన్నేళ్లు చదివించగలం అన్న సంగతిని దాచకుండా బిడ్డ ముందు ఉంచాలి. కొడుకుతో జరిపే ఈ సంప్రదింపు కూతురితోనూ జరపాలి. ఆడపిల్ల చదువును పెళ్లి వరకు కాలక్షేపంగా భావించే ఇంట్లో ఆమెకు సందిగ్ధపడే హక్కు కూడా ఉండదు; నిర్ణయం ఆమె పేరిట ఎవరో ముందే చేసి ఉంటారు.

నేతగాని బిడ్డకు నేతపని భాషలోనే చెప్పవచ్చు. మగ్గం మీద పడుగు ముందు ఎక్కిస్తారు. అది గట్టిగా, సమంగా ఉండాలి. నేత మొదలైన తరువాత పడుగును మార్చడం కష్టం. పేక రంగును మాత్రం నడుమ మార్చుకోవచ్చు. చక్కగా చదవడం, తప్పులేకుండా రాయడం, లెక్క తెలియడం, మాట నిలబెట్టుకోవడం ఇవే జీవితానికి పడుగు. కోర్సు పేరు, ఉద్యోగం పేరు పేక వంటివి. పేక ఏ రంగుదో ఇంకా తేలలేదని పడుగు ఎక్కించడం ఆపే నేతగాడు ఎక్కడా ఉండడు. ఆ ఇంటి కుర్రవాడు తండ్రికి చెప్పవలసిన సమాధానం కూడా ఇదే: “ఏమవుతానో ఇంకా తేలలేదు బాపూ, ఈ ఏడు ఏం నేర్చుకుంటానో మాత్రం తేలింది.” ఆ మాట విన్న తండ్రి మరునాడు షిఫ్టుకు కొంత నిశ్చింతగా వెళ్లగలడు.