వ్యానులో నీలగిరికి వెళ్లేముందు



మన అనంతపురం సీమలో ఏ ఇంట్లోనైనా ప్రయాణం మాట శెనక్కాయలు ఇంటికి చేరాకే వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అదీ పడవలసిన వేళకు పడితేనే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. అందుకే మనం ఊరు కదిలితే ప్రతి రూపాయికీ లెక్క చూసుకుంటాం. డీజిలుకింత, గదులకింత, టోలుకింత అని కాగితం మీద రాసుకుంటాం. ఆ లెక్కలో ఒక్కటి మాత్రం రాయడం మరిచిపోతాం. అది ఇంటి ఆడవాళ్ల తీరిక.

కొన్నేళ్ల కిందట మా ఇంటివాళ్లం పన్నెండుమందిమి వ్యాను మాట్లాడుకుని నీలగిరి కొండలూ, దారిలోని అడవులూ చూడటానికి బయల్దేరాం. పరుపులు, గ్యాసు స్టవ్వు, బియ్యం మూట, పప్పు గుత్తి అన్నీ ఎక్కించాం. రోలొక్కటే తక్కువ! అడవి దగ్గర మావాళ్లందరూ వెళ్లి ఏనుగుల మందను చూసి వచ్చారు. పిల్ల ఏనుగు తల్లి కాళ్ల సందున ఎట్లా నడిచిందో రాత్రంతా చెప్పుకున్నారు. ఆ వేళకు నేనూ మా తోడికోడలూ ఊరి బయట చెట్టు కింద పప్పు ఎనుపుతున్నాం. మా అత్తగారు మాకు తోడుగా కూర్చుండిపోయింది. "ఏనుగును గుళ్లో చూసినాలేమ్మా" అనింది. అప్పటికే ఆమెకు డెబ్బై దాటాయి. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత రెండేళ్లు పంట చేతికి రాలేదు. అత్తగారి మోకాళ్లు ఇంకా అరిగాయి. మూడో ఏడు కాయ బాగా దిగుబడి వస్తే, "ఈసారి దారి నేను రాస్తాను" అన్నాను. అందరూ నవ్వారు కానీ కాదనలేదు. ఆ రాసిన దారినే ఈవేళ మీకు చెప్తాను.

మొదటి మాట. కొండదారిని కిలోమీటర్లతో కొలవకండి, గంటలతో కొలవండి. అనంతపురం నుంచి బెంగళూరు మీదుగా మైసూరుకు దాదాపు 360 కిలోమీటర్లు. పెద్ద రోడ్డు కాబట్టి తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నం దాటాక చేరుకుంటాం. మైసూరు నుంచి గుండ్లుపేట, బందీపూర్, తెప్పకాడు, గూడలూరు మీదుగా ఊటీకి 160 కిలోమీటర్ల లోపే. కానీ దానికి పూర్తిగా ఒక పగలు కేటాయించాలి. మన ఊరు సముద్రమట్టానికి 350 మీటర్ల ఎత్తున ఉంటే, ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తంతా బండి ఎక్కాలి, మన కడుపులూ ఎక్కాలి.

రెండో మాట అడవి వేళలు. బందీపూర్ 1973లో మొదలైన పులుల సంరక్షణ పథకంలో మొదటి తొమ్మిది అడవుల్లో ఒకటి. దాన్ని ఆనుకునే తమిళనాడులో ముదుమలై ఉంది. ఈ రెండు అడవుల నడుమ నుంచే మన రోడ్డు పోతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా బళ్లను వదలరు. రాత్రిపూట బళ్ల కింద పడి జంతువులు చచ్చిపోతున్నాయని పెట్టిన కట్టడి ఇది. కాబట్టి అర్ధరాత్రి ప్రయాణం చేసి పగలు మిగుల్చుకుందామనే మన అలవాటు ఇక్కడ చెల్లదు. మేము మైసూరులో పడుకుని తెల్లవారి బయల్దేరాం. ఉదయం ఎండ ముదరకముందే జంతువులు కనబడే అవకాశం ఎక్కువ.

అడవిలో రోడ్డు మీద బండి ఆపకూడదు, దిగకూడదు, కోతులకు బొరుగులు కూడా వేయకూడదు. అందుకని గుండ్లుపేటలోనే అందరూ బాత్‌రూముకు వెళ్లి రావాలి. ఇది సిగ్గుపడే విషయం కాదమ్మా. మనం ఆడవాళ్లం దారిలో ఎక్కడ ఆపమంటామోనని పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చుంటాం, ఇంటికొచ్చి మూత్రంలో మంటతో బాధపడతాం. రెండు గంటలకొకసారి బండి ఆగాలని ముందే కాగితం మీద రాసి డ్రైవరుకు ఇవ్వండి.

మూడో మాట ఘాట్ రోడ్డు. తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. మసినగుడి, కల్హట్టి మీదుగా పోతే ముప్పై కిలోమీటర్లదాకా తగ్గుతాయి. కానీ అక్కడ 36 పిన్ను మలుపులు ఉన్నాయి. కొద్ది దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా నిట్టనిలువుగా ఎక్కాలి. ఆ దారిన పైనుంచి దిగడానికి బయటి బళ్లను వదలరు. "ఎక్కేదానికి వదుల్తారు కదా వదినా, డీజిలు కలిసొస్తుంది" అన్నాడు మా మరిది. వెనకటి ప్రయాణంలో ఒక దిగుడులో మా బండి బ్రేకులు కాలిన వాసన వచ్చింది. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ప్రాణాలు అరచేతిలో పట్టుకున్నాం. "నిండుగా మనుషులెక్కిన వ్యానుకు ఆ దారి వద్దు, గూడలూరు మీదుగానే పోదాం" అన్నాను. అట్లాగే పోయాం, అటే వచ్చాం.

దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు వేసి ఉంచితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలంటారు. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. డ్రైవరుకు ముందురోజు రాత్రి నిద్ర ఉండాలి. ఈ సంగతులు మగవాళ్లకే వదిలేయకండి. బండిలో ఉండేది మన పిల్లలు.

ఇక కాగితాలు. పసుపు నెంబరు పలక ఉన్న బండినే మాట్లాడుకోండి. పక్క రాష్ట్రాల పర్మిటు, ఇన్సూరెన్సు చూసి మరీ బయానా ఇవ్వండి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి వెళ్లే బళ్లకు ఈ-పాస్ పెట్టారు. సెల్‌ఫోనులో ముందే తీసుకోవచ్చు. నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, కాబట్టి స్టీలు చెంబులు, సీసాలు పెట్టుకోండి. సఫారీలను అడవి మంటల వేళా, పులుల భయం ఉన్న వేళా ఆపేస్తుంటారు. బయల్దేరేముందు కనుక్కోండి. జనవరిలో ఊటీలో తెల్లవారేసరికి గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. మన సీమ దుప్పటి అక్కడ చాలదు. ముసలివాళ్లకు ఉన్ని టోపీలు, సాక్సులు తప్పవు. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లను డాక్టరుకు చూపించుకుని బయల్దేరదీయండి.

చివరిది వంట. ఈసారి నేను స్టవ్వు ఎక్కించనివ్వలేదు. 2023 ఆగస్టులో మదురైలో యాత్రికుల రైలు బోగీలో గ్యాసు అంటుకుని తొమ్మిదిమంది పోయిన సంగతి గుర్తుచేశాను. మొదటి రెండు రోజులకు జొన్నరొట్టెలు, శెనగ్గింజల పొడి, చిత్రాన్నం, ఓళిగలు. ఆ తర్వాత రోజుకొక పూట మెస్సులో భోజనం, రెండో పూట ఇడ్లీయో పండ్లో. దానికి డబ్బెక్కడిదంటారా? మునుపటి పట్టికలో ఉన్న కొడైకెనాల్‌ను కొట్టేశాం. రెండు రోజుల అద్దె, డీజిలు మిగిలాయి. నాలుగు ఊళ్లు చూశామని చెప్పుకునేకంటే రెండు ఊళ్లు కళ్లారా చూడటం మేలు కదా.

వ్యానులో ఎడమవైపు ముందు కిటికీ పక్కన అత్తగారిని కూర్చోబెట్టాం. మా మరిది పిల్లలు అలిగారు, అయినా సరే. బందీపూర్ దాటి ముదుమలైలోకి వచ్చాక, వెదురు పొదల పక్కన ఒక ఏనుగు, దాని పిల్ల కనబడ్డాయి. బండి ఆపకుండానే డ్రైవరు నెమ్మది చేశాడు. ఆమె ఏమీ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవి మరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూసింది. గూడలూరు దగ్గరికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "గుళ్లో ఏనుగుకు కాళ్లకు గొలుసుంటాదే, దీనికి లేదు" అనింది.

మీరూ ఈ ఏడు కాయలు అమ్మి బండి మాట్లాడుకునేటప్పుడు దారి కాగితం ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి. అందులో వంట ఎవరికి, కిటికీ ఎవరికి అని కూడా రాయండి.