తెరచాటున పగటివెలుగు

తెర యెందుకు కట్టుదురని యడిగినచో, పరులు చూడకుండుటకని యెల్లరును చెప్పుదురు. వెలుగు రాకుండుటకని చెప్పువారు అరుదు. ఐనను అంగడికి పోయి తెరగుడ్డ బేరమాడునప్పుడు మనలో పెక్కుమంది వెలుగు నాపెడి గుడ్డనే యెంచుకొందురు. దళసరిగా నుండి, ముదురు రంగు కలిగి, వెనుక చేయి పెట్టిన కానరానిదే మంచి తెరయని మన నమ్మకము. కదలని యింటిలో ఈ నమ్మకము వలన పెద్ద చిక్కు లేదు. గది చీకటిగా నున్న వసారాలోనికి వచ్చి కూర్చుందుము. చక్రముల మీద తిరుగు నింటికి వసారా లేదు. ఉన్నది ఒక్కటే గది. ఆ గదికి తగిన తెర యెట్టిదో నేడు ముచ్చటింతము.

లోపల పడక, పొయ్యి, నీళ్లతొట్టి, చిన్న అలమార అమర్చి, దారిలోనే కాపురముండ వీలుగా చేసిన మోటారుబండిని కాంపర్ వ్యాను అందురు. మనము దానిని ఇంటిబండి యని పిలుచుకొందము. 1951లో జర్మనీ దేశమున వెస్ట్‌ఫాలియా వారు ఫోక్స్‌వాగన్ బండ్లలో ఇట్టి సామగ్రి నమర్చ మొదలిడిరి. పిమ్మట ఈ యలవాటు ఐరోపా, అమెరికా ఖండములందు బాగుగా వ్యాపించినది. ఇటీవల మన దేశమునను ఇట్టి బండ్లు అద్దెకు దొరకుచున్నవి. వాని కిటికీలకు గుడ్డలెన్నుకొను పని మనకును వచ్చినది.

ఈ కాపురము మనవారికి బొత్తిగా క్రొత్తది కాదు. గూడుబండి కట్టుకొని తిరునాళ్లకు పోయిన కుటుంబములు చెట్టుక్రింద వండుకొని, బండిలోనే నిద్రించి, పుష్కరస్నానములు చేసి వచ్చెడివి. ఆ గూటికి ముందొక పంచెయు, వెనుకొక చీరయు కట్టిన చాలును, చాటు కుదిరెడిది. చాప సందులగుండ గాలియు, సన్నని వెలుగును లోనికి వచ్చుచుండెడివి. నేటి యింటిబండి యట్టిది కాదు. దాని గోడలు ఇనుపరేకు. దాని కిటికీలు గాజు. రేకు వెలుగును రానీయదు, గాజు చూపును ఆపదు. చాప యొక్కటే చేసిన రెండు పనులను ఇచ్చట తెర చేయవలసియున్నది.

ఈ తెర యెవరికి కావలెనో ముందుగా ఆలోచింపుడు. బండి దిగి, చెట్టునీడను కుర్చీ వేసికొని, కొండలను చూచుచు కూర్చుండు మగవానికి తెరతో నిమిత్తము లేదు. బిడ్డకు పాలిచ్చు తల్లికి కావలెను. చీర మార్చుకొను స్త్రీకి కావలెను. పదిమందిలోనికి పోలేక లోపలనే మలమూత్రములకు కూర్చుండవలసిన ముదుసలికి కావలెను. వీరికి ఆ చాటు రాత్రివేళనే కాదు, పట్టపగలును కావలసియుండును. తెర నల్లనిదై దళసరిగా నున్నచో, వారు మిట్టమధ్యాహ్నము చీకటిపెట్టెలో కూర్చుండి దీపము వెలిగించుకొనవలెను. వెలుపలివారు వనభోజనము చేయుచుండగా, లోపలివారు ఉక్కతో చెమటలు కార్చుచుందురు. తెర తీయుడని నోరు తెరచి యడుగరు, అడుగుటకు సిగ్గుపడుదురు.

పూర్వము గోషాస్త్రీలు మూసిన బండ్లలో ఊళ్లు దాటిరి గాని, దాటిన యూళ్లను చూచి యెరుగరు. గోషా యనునది ఒకరు మరియొకరికి విధించినది. ఏకాంతము ఎవరికి వారు కోరుకొనునది. గోషాకు చీకటి సరిపోవును. ఏకాంతమునకు వెలుగు కావలెను, తెరత్రాడు లోపలివారి చేతిలో నుండవలెను. ఇంటిబండికి తెర కుట్టించువారు ఈ భేదమును మరువరాదు.

చాటును వెలుగును ఒకే గుడ్డలో కుదురునా యని సందేహము కలుగవచ్చును. పగటివేళ కుదురును. కారణము తెలియవలెనన్న మన తోలుబొమ్మలాటను తలచుకొనుడు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో నేటికిని తోలుబొమ్మలు చేయు కళాకారులున్నారు. బొమ్మలాటగాడు తెల్లని పంచెను బిగించి కట్టి, దాని వెనుక దీపము వెలిగించును. చూచువారు చీకటిలో కూర్చుందురు. తెరకు ఆనించిన బొమ్మ గోటితో గీచినట్లు స్పష్టముగా కనబడును. తెరకు దూరముగా జరిగిన బొమ్మ మసకబారును. అదే పంచెను పట్టపగలు ఎండలో కట్టి, వెనుక నెన్ని బొమ్మల నాడించినను ముందున్నవారికి తెల్లని గుడ్డయే తప్ప మరేమియు కానరాదు. గుడ్డ మారలేదు. వెలుగున్న వైపు మారినది.

ఈ విషయము అంకెలలో చూతము. వెలుగును కొలుచుటకు లక్సు అను కొలత కలదు. ఒక కొవ్వొత్తి మీటరు దూరముననున్న కాగితము మీద వేయు వెలుగు సుమారొక లక్సు. మిట్టమధ్యాహ్నపు టెండ లక్ష లక్సుల వరకు నుండును. ఎండ తగులని ఆరుబయట నీడలో పదివేలవరకు నుండవచ్చును. తెర వేసిన బండిలోపల కొన్ని వందలు మాత్రమే యుండును. బయట నిలుచున్నవాని కంటికి రెండు వెలుగులు చేరును: తెర మీద పడి మరలిన పగటివెలుగు ఒకటి, నూలుసందులగుండ లోపలినుండి వచ్చినది మరియొకటి. మొదటిది రెండవదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువైనందున కన్ను రెండవదానిని పట్టలేదు. కాని ఆ కొన్ని వందల లక్సులు లోపల చదువుకొనుటకును, కుట్టుపనికిని పుష్కలముగా చాలును.

జయపురమున 1799లో కట్టిన హవామహలు ముఖభాగమున 953 చిన్న కిటికీలున్నవి. జాలీల చాటున నిలుచున్న రాణివాసపు స్త్రీలకు వీధి యంతయు కనబడెడిది. వీధిలోని వారికి జాలీవెనుక నీడయే కనబడెడిది. ఆ కట్టడమున రాయి చేసిన పనిని మన బండిలో పలుచని నూలుగుడ్డ చేయగలదు.

రాత్రి యైనపుడు లెక్క తలక్రిందులగును. పున్నమివెన్నెల సుమారు పావులక్సు. లోపల చిన్నదీపము వెలిగించినను వందరెట్లు, అంతకు మించియు వెలుగు లోపలివైపుననే యుండును. అప్పుడు మీ బండి తోలుబొమ్మల తెర యగును, మీరు బొమ్మలగుదురు. పగలెల్ల మానము కాపాడిన గుడ్డయే సందెవేళ దీపము పెట్టగానే ద్రోహము చేయును. కావున ఒక తెరతో రెండు పూటలు గడుపగోరుట పొరపాటు. రెండు తెరలుండవలెను: గాజువైపున పగటికి పలుచనిది, లోపలివైపున రాత్రికి దళసరిది. దళసరితెర వేసిన పిమ్మటనే దీపము వెలిగించుట అలవాటు చేసికొనవలెను. ఈ యొక్క నియమము పిల్లలకు కూడ నేర్పవలెను.

ఇక పగటితెరకు గుడ్డ యెట్టిది? తెల్లని నూలు మల్లు గాని, ఉతికి మెత్తబడిన తెల్లపంచె గాని ఉత్తమము. తెలుపు ఎండను బయటివైపు మరలించి చూపును భ్రమింపజేయును. లోనికి వచ్చిన వెలుగును నలుమూలలకు చల్లును. అయితే తెల్లగుడ్డగుండ లోపలివారికి బయటి దృశ్యము మసకగానే కనబడును. దృశ్యము కావలెనన్నవారు నల్లని సన్నజాలిగుడ్డ కట్టుకొనవచ్చును. దానిగుండ లోపలినుండి చెట్లు, మనుష్యులు బాగుగా కనబడుదురు. వెలుగు మాత్రము కొంత తగ్గును. ఎరుపు, ఆకుపచ్చ మొదలగు గాఢమైన రంగులు వలదు. ఎరుపుతెర వెనుక అన్నము ఎర్రగా తోచును. రోగి ముఖము పాలిపోయినదో లేదో తెలియదు. పట్టు అసలే వలదు. ఎండకు త్వరగా చివికిపోవు గుడ్డలలో పట్టు మొదటిది.

కొనుటకు ముందు గుడ్డను అంగడి వాకిటికి తెచ్చి పరీక్షింపుడు. ఆకాశమునకెదురుగా పట్టి చూచిన వెలుగు ధారాళముగా రావలెను. తరువాత దాని వెనుక చేయి పెట్టుడు. గుడ్డకానిన చేయి కనబడిన దోషము లేదు. జానెడు వెనుకకు తీసినపుడు వ్రేళ్లు లెక్కింపరాకున్న, ఆ గుడ్డ పగటికి పనికివచ్చును. నూలుగుడ్డ మొదటి యుతుకులో క్రుంగును గనుక తడిపి ఆరవేసిన పిమ్మటనే కత్తిరింపవలెను. కిటికీ వెడల్పునకు ఒకటిన్నర రెట్లు గుడ్డ చాలును. అంతకు మించి కుచ్చిళ్లు పెట్టినచో మడతమీద మడత పడి, పలుచనిగుడ్డ కూడ దళసరిదాని వలె వెలుగు మ్రింగును.

వెలుగు ఆకాశమునుండి వచ్చును. చూపు త్రోవనుండి వచ్చును. ఈ రెండును ఒకే యెత్తున లేవు. కావున పలుచెట్ల కిటికీ నంతయు కప్పనవసరము లేదు. క్రింది రెండుపాళ్లకు తెర కట్టి, పైపాలు విడిచినను చాటు చెడదు. ఐతే లారీడ్రైవరు ఎత్తున కూర్చుండును. కొండదారిలో పైమలుపున నిలుచున్నవారు క్రిందికి చూతురు. అట్టిచోట్ల నిలుపునపుడు పైపాలు కూడ మూయుట మేలు. బండిగోడ పైకిపోవుకొలది లోపలికి వ్రాలియుండును గనుక, పైన మాత్రమే కట్టిన తెర గాజునంటక క్రిందికి వ్రేలాడుచు ప్రక్కలనుండి సందు విడుచును. పైనొక తీగ, క్రిందనొక తీగ బిగించి, రెండింటికిని గుడ్డను గ్రుచ్చినచో సందు రాదు, బండి కుదుపులకు ఎగురదు.

వేసవిలో తెరవలననే చల్లదనము కలుగునని యాశింపవలదు. ఎండ గాజును దాటి లోనికి వచ్చిన పిమ్మట తెర దాని నాపిన, ఆ వేడిమిలో పెద్దపాలు లోపలనే నిలుచును. తెలుపు కొంత వెనుకకు పంపును. నలుపు తానే కాగి లోపలివారిని కాచును. రెంటచింతల యెండలో నిలిపిన బండికి లోపలి తెరకంటె, ఎండవైపున బయట కట్టిన గుడారపుగుడ్డ పందిరి ఎన్నోరెట్లు మేలు. మన పెద్దలు వట్టివేళ్ల తడికలను ద్వారమునకు బయటివైపున కట్టుటలో ఈ తెలివియు కలదు. తెరచాటున్నది గదా యని పిల్లలను గాని, ముదుసలులను గాని ఎండలో మూసిన బండిలో విడిచి పోరాదు. కొద్దిసేపటిలోనే ప్రాణము మీదికి వచ్చును. లంబసింగి వంటి చలిప్రదేశములలో చిక్కు వేరు. రాత్రి మన యూపిరిలోని తేమ గాజు మీద నీరై దిగును. గాజునంటిన తెర తడిసి బూజు పట్టును. తెల్లవారగానే తెర తీసి గాజును తుడిచి, గాలి పోనీయవలెను.

పొయ్యి ప్రక్క కిటికీని గూర్చి జాగ్రత్త కావలెను. నూలు మంట నందుకొన్న భగ్గున మండును. కృత్రిమపు నూలు కరగి ఒంటికి అంటుకొనును. అందుచే అచ్చట తెర పొట్టిగా నుండి, వంటవేళ ప్రక్కకు గట్టిగా కట్టబడవలెను. లేదా ఆ కిటికీకి తెర మాని, గరుకు గాజు పెట్టించుట యుత్తమము. గరుకుగాజు వెలుగును రానిచ్చును, రూపమును చెదరగొట్టును, మంటకు అంటుకొనదు.

మరి బండి నడచుచుండగా తెరల మాట యేమి? ముందు అద్దమునకును, డ్రైవరు ప్రక్కలనున్న కిటికీలకును అప్పుడు తెర యుండరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని నూరవ నియమము ముందువెనుకల అద్దములు నూటికి 70 వంతులు, ప్రక్క అద్దములు నూటికి 50 వంతులు వెలుగును పోనీయవలెనని చెప్పుచున్నది. 2012లో సర్వోన్నత న్యాయస్థానము కారు అద్దములకు నల్లపొర లంటించుటను నిషేధించినది. పొర అంటించినచో పగలు రాత్రి ఒక్కతీరుగా నుండును. తెరను వలసినపుడు వేసి, వలదన్నపుడు తీయవచ్చును. బయలుదేరుటకు ముందు తెరలన్నియు ముడివేయుట గొళ్లెము వేయుటవలె అలవాటు కావలెను.

తెరలన్నియు కట్టిన తరువాత ఒక చిన్న పని మిగిలియున్నది. మధ్యాహ్నమొకసారి, దీపము పెట్టిన పిమ్మట ఒకసారి ఒకరు లోపల నుండగా మరియొకరు బండిచుట్టు నడచి చూడవలెను. లోపలనుండువారు ఇంటి యజమాని కాక, ఆ తెర యెవరి కొరకు కట్టబడినదో ఆ తల్లియో, ఆ ముదుసలియో యైనచో మంచిది. వెలుగు చాలినదా, గాలి యాడుచున్నదా, త్రాడు చేతికందుచున్నదా యని వారినే యడుగుడు. వారు చాలునని చెప్పినచో గుడ్డ వెల తక్కువదైనను ఆ తెర మంచిది. వారు జంకుచు సమాధానము చెప్పినచో, ఆ గుడ్డ యెంత అందమైనదైనను విప్పి మరల అంగడికి పోవుడు.