మన్యం కొండల్లో మంచుయుగాల జాడ

జంతుశాస్త్రం చెప్పడమే బతుకుగా బతికిన మాస్టారి స్మృతిలో, ఢిల్లీ అశోకా రోడ్డులోని ఈ ఆంధ్రా భవన్‌లో మాట్లాడమన్నారు. ఆయనకు ప్రాణమైన విశాఖ మన్యం గురించే మాట్లాడతాను.

అబ్బట్స్ బాబ్లర్ అని ఒక గోధుమరంగు పిట్ట ఉంది. దాని ఊరు తూర్పు హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా పరుచుకున్న తడి అడవి. అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన, మన విశాఖ కనుమల్లోనూ అది కనిపిస్తుంది. 1985లో రిప్లీ, బీలర్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని వేరే ఉపజాతిగా వర్ణించి, ఈ కొండల పక్షులను శ్రద్ధగా పరిశీలించిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు పెట్టారు. ఒక తెలుగు పక్షి పరిశీలకుడికి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఆ పిట్ట ఇక్కడికెలా వచ్చింది? ఇలాంటి ప్రశ్నే సుందర్‌లాల్ హోరా గారు కొండవాగుల చేపలను చూసి 1940లలో వేశారు. హిమాలయాల చేపలకు చుట్టాలు పశ్చిమ కనుమల్లో ఎందుకున్నాయంటే, మంచుయుగాల్లో సాత్పురా కొండల వెంట తరలివచ్చాయన్నారు. తర్వాతివారు ఆ దారిని గట్టిగా ప్రశ్నించారు. తూర్పు కనుమలూ ఒక దారి అయివుండవచ్చన్నవారున్నారు. ప్రశ్న మాత్రం నిలిచింది.

మంచుయుగమంటే అంతటా ఒకే కథ అనుకోకూడదు. సుమారు 20,000 ఏళ్ల కింద సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తగ్గింది. హిమాలయాల్లో హిమానీనదాలు దిగివస్తే జీవులు కిందికి జరిగాయి. దక్షిణాదిన మంచు పేరుకోలేదు గానీ చలి పెరిగి, రుతుపవనాలు బలహీనపడ్డాయి. నీలగిరుల పీట్ నేలల్లో కార్బన్ ఐసోటోపులు కొలిచి రామన్ సుకుమార్ బృందం 1993లో చూపింది ఇదే: ఆ కాలంలో అక్కడ పొడి వాతావరణాన్ని తట్టుకునే గడ్డి పెరిగింది. అంటే చలిని, గడ్డిని కోరే కొండజీవులకు అప్పుడు పల్లపు దారులు తెరుచుకుని ఉండాలి. తడి అడవి జీవులకు లోయలే శరణ్యం అయ్యుండాలి. వేడి తిరిగొచ్చాక కొన్ని శిఖరాల మీద చిక్కుకున్నాయి, కొన్ని మళ్లీ విస్తరించాయి.

చిక్కుకున్న చిన్న గుంపులో ఏ జన్యురూపం నిలుస్తుందో, ఏది పోతుందో చాలావరకు యాదృచ్ఛికమే. తరాలు గడిచేకొద్దీ వైవిధ్యం తరుగుతుంది. కొత్త మార్పులు వేరుగా పోగవుతాయి. అయినా దీర్ఘకాలం జీవులు నిలిచిన శరణాలయంలో సాధారణంగా వైవిధ్యం ఎక్కువ, ఆ తర్వాత కొత్తగా ఆక్రమించిన చోట తక్కువ. పశ్చిమ కనుమల షోలా అడవుల చిన్న పిట్టలపై వి.వి. రాబిన్, ఉమా రామకృష్ణన్ తదితరులు 2010లో చేసిన పరిశోధనలో పాలక్కాడ్ వద్ద కొండల మధ్య ఉన్న ఖాళీకి అటూ ఇటూ ఉన్నవి ఎంతో కిందటే విడిపోయాయని తేలింది. కొండల మధ్య పురాతన ఖాళీలూ, గతకాలపు వాతావరణమూ కలిసి వాటి వంశాలను విడదీశాయి. ఒకే పేరుతో పిలిచిన పక్షుల్లో వేర్వేరు చరిత్రలు బయటపడ్డాయి.

ఇక్కడే నాకు బాధ. పశ్చిమ కనుమల మీద జరిగినంత జన్యు పరిశోధన తూర్పు కనుమల మీద జరగలేదు. తూర్పు కనుమల్లోని తిరుమల కొండల బంగారు బల్లినే చూడండి, దానికి దగ్గరి చుట్టం శ్రీలంకలో ఉంది. మంచుయుగాల్లో సముద్రం తగ్గి శ్రీలంకకు నేలదారి ఏర్పడింది, అయినా రెండూ వేరే జాతులే. దారి ఉన్నంత మాత్రాన రాకపోకలు జరిగినట్టు కాదు. వంశావళి చదివితే గాని చెప్పలేం.

మన్యంలోని ఆ బాబ్లర్ ఈశాన్యంలోనూ ఉంది కదా, ఇక్కడ పోతేనేం అనే మాట పొరపాటు. ఇక్కడి గుంపు మోస్తున్న చరిత్ర అక్కడ దొరక్కపోవచ్చు. మన్యంలోని గాలికొండ, రక్తకొండల తలల మీద బాక్సైట్ ఉంది, దాన్ని తవ్వితే ఆ ఎత్తులు పోతాయి. ఆ ఎత్తులే చల్లదనాన్ని కోరే జీవులకు మిగిలిన చోట్లు. గనుల తవ్వకంపై సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు గిరిజనుల భూమి హక్కు కోసమే అయినా, అది ఆ కొండలకూ అండగా నిలిచింది. దానికి మనం రుణపడి ఉన్నాం.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో వన్యప్రాణుల జన్యువులు చదివే లాకోన్స్ ప్రయోగశాల ఉంది. విశాఖలో విశ్వవిద్యాలయం ఉంది. పాపికొండల నుంచి మహేంద్రగిరి దాకా కొండకొక చోటు ఎంచుకుని, ముందు పక్షులు, తర్వాత వాగుల కప్పలు, చేపల నమూనాలు సేకరించే పని యువ పరిశోధకులు వచ్చే వానాకాలంలోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.