అటకమీది తుపాకి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము నాగలాపురంవారము. తిరుపతి జిల్లాలో కూడా ఒక నాగలాపురం వున్నది గాని, మాది అది కాదు. కోవిలుపట్టికి తూర్పుదిక్కున, తూత్తుకుడి జిల్లా విళాత్తికుళం తాలూకాలో, నల్లరేగడి నేలల మధ్య వున్న వూరు మాది. మా పెద్దలు కొన్ని వందల ఏళ్ళనాడు వలస వచ్చినారు. ఇంట్లో తెలుగు, బడిలో అరవము, ఇదీ మా చదువు. మా ప్రక్క ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ గారు 1976లో "గోపల్ల గ్రామం" అనే నవలను అరవంలో వ్రాసి ఈ వలసకథను లోకానికి చెప్పినారు. కావున మా మాటలో అక్కడక్కడ యాస వినిపిస్తే మన్నించవలెనని కోరుతున్నాము.

ముప్పై ఏళ్ళు మిల్లులో ఫిట్టరు పని చేసినవారము కనుక పనిముట్లను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు అడిగినారు. పనిముట్లంటే మాకు జ్ఞాపకం వచ్చేది ఒక తుపాకి.

కొన్నాళ్ళ క్రిందట ఆయుధపూజకు మా మేనల్లుడు విదేశంనుంచి వచ్చినాడు. ఇల్లు దులుపుతుంటే అటకమీద ఒక గోనెమూట దొరికింది. అందులో పొడవాటి ఇనుపగొట్టం, చెదలు కొంచెం తిన్న కొయ్య, తుప్పుపట్టిన మీట, నాలుగైదు మరలు వున్నవి. తుపాకి భాగాలే, సందేహం లేదు. కుర్రవాని కళ్ళు మెరిసినవి. "మామా, నేనున్నచోట ఇంట్లోనే రైఫిలు బిగించుకొనేవారున్నారు. ఏయే పనిముట్లు కావలెనో నీవు చెప్పు, నేను కొంటాను. దీపావళిలోగా దీన్ని నిలబెడతాను" అన్నాడు.

మాకూ ఆశ పుట్టలేదని చెప్పము. పని తెలిసినవాని చేతికి విడిభాగాలు కనబడితే వేళ్ళు ఊరుకొంటాయా? ఆ రాత్రి కూర్చుండి జాబితా వ్రాయించినాము. ఆ జాబితా మీకూ పనికివస్తుంది. కుట్టుమిషనుకైనా, గోడగడియారానికైనా సూత్రం ఒక్కటే.

మొదటిది స్క్రూడ్రైవరు. అంగడిలో దొరికే మామూలుదాని మొన చీలికవలె వాలుగా వుంటుంది. గట్టిగా తిప్పితే గాడిలోనుంచి పైకి జారి మర తలను చెక్కివేస్తుంది. తుపాకి పనివారు వాడేదాని మొన రెండువైపులా సమానంగా వుండి, గాడి అడుగుదాకా దిగి, వెడల్పంతా నిండుతుంది. ఒక్క స్క్రూడ్రైవరుతో అన్ని మరలూ విప్పేవాడు పనివాడు కాడు. మరకు తగిన మొన వెదకుకొనేవాడే పనివాడు.

రెండవది సుత్తి. ఇనుముపై ఇనుపసుత్తి మచ్చ వేస్తుంది. అందువల్ల ఇత్తడిదో నైలానుదో కావలెను. చీలలు తీయడానికి వాటి లావుకు సరిపోయిన పంచి వుండవలెను. మూడవది వైసు. దాని దవడలకు తోలో కొయ్యో తొడగకుండా ఏ వస్తువునూ బిగించరాదు. నాలుగవది బిగువును కొలిచే టార్క్ రెంచి. "చేతికి తెలుస్తుందిలే" అన్నవారే మరలు త్రెంపుతారు. ఈ మాట మా అనుభవంమీద చెబుతున్నాము.

అయిదవది గేజి. ఈనాటి రైఫిలులో తూటా కూర్చుండే చోటు సరిగా వున్నదా లేదా అని చూడడానికి రెండు గేజీలుంటాయి. ఒకదానిమీద తలుపు మూసుకోవలెను, రెండవదానిమీద మూసుకోరాదు. రెంటికీ వున్న తేడా అంగుళంలో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. కంటికి ఆనని ఆ తేడా తప్పితే దెబ్బ తగిలేది పేల్చినవాని ముఖానికే.

ఇక్కడికి వచ్చేసరికి మా కలం ఆగింది. గొట్టం బలాన్ని ఏ గేజితో చూస్తాము? తుప్పు లోపల ఎంత తిన్నదో బయటినుంచి తెలియదు. అందుకే ఇంగ్లండులో 1637లో లండను తుపాకి పనివారి సంఘానికి రాజుగారి అనుమతి పత్రం దొరికింది. 1813లో చట్టంద్వారా బర్మింగుహాములో పరీక్షాగృహం ఏర్పడింది. మామూలుకన్న ఎక్కువ మందు కూరి, మనిషి దూరంగా నిలిచి పేల్చి, పగలని గొట్టానికే ముద్ర వేస్తారు. ఇంటి అటకక్రింద ఆ పరీక్ష జరిగేది కాదు.

ఇంతలో మా అవ్వ లేచి వచ్చింది. దీపం దగ్గర పరచిన భాగాలు చూచి, "వాటిని ఎందుకు విడదీసి దాచినారో ఎరుగుదురా?" అన్నది. ఆమె చెప్పినది ఇంట్లో వినిన మాట. కాని దాని వెనుక చరిత్ర వున్నది.

నాగలాపురం ఒక పాళెము. 1799లో పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనాయనిపై కుంపిణీ సేన నడిచినప్పుడు మా పాళెమూ ఆయన పక్షమని ఎంచబడింది. కట్టబొమ్మన మంత్రి సుబ్రమణ్య పిళ్ళను నాగలాపురంలోనే ఉరితీసినారు. ఆ అక్టోబరులో కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీసినారు. నాగలాపురం పాళెము జప్తయినది. కోటలు పడగొట్టించినారు. తుపాకులు, బల్లెములు అప్పగించకపోతే మరణదండన అని బానర్మన్ దొర చాటించినాడు. 1801లో వూమైదొర తిరిగి లేచి పోరాడిన తరువాత డిసెంబరు 1వ తేదీ ప్రకటనతో ఆయుధాలపై నిషేధం మరింత బిగిసింది. 1878లో దేశమంతటికీ ఆయుధచట్టం వచ్చింది.

"భయపడి విడదీసినారు, మమకారం చావక దాచినారు" అన్నది అవ్వ. ఇంతకన్న క్లుప్తంగా మా జాతి చరిత్రను ఎవరూ చెప్పలేరు.

స్వతంత్ర భారతదేశంలో వున్నది 1959 నాటి ఆయుధచట్టం. అది 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టం దృష్టిలో తుపాకి భాగమూ తుపాకే. లైసెన్సు లేకుండా చేయరాదు, మార్చరాదు, మరమ్మతు కూడా చేయరాదు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండా తుపాకి చేసినవానికి ఏడేండ్లకు తక్కువ కాని శిక్ష, అది యావజ్జీవందాకా పోవచ్చును. అయితే మరమ్మతు చేసినా పనికిరానంతగా పాడైన పాత ఆయుధానికి ఆ చట్టంలోనే మినహాయింపు వున్నది. కాని పనికివస్తుందో రాదో తేల్చుకొనేవారము మనము కాము.

మేనల్లుడు ఒక పూట మాట్లాడలేదు. "మన తాతల వస్తువును బిగించుకొనేందుకు మనకు హక్కు లేదా?" అన్నాడు. "తాతల వస్తువు కనుకనే తొందరపడరాదు. పగిలితే అదీ పోతుంది, నీ చేయీ పోతుంది. పట్టుబడితే నీ ఉద్యోగమూ పోతుంది" అన్నాము. చివరకు వకీలుగారిని వెంటబెట్టుకొని, మూట ఎక్కడ, ఎట్లా దొరికినదో వ్రాసి అధికారులకు తెలియజేసినాము. ఇన్నాళ్ళు చూడక వుంచుకొన్నది మా లోపమేనని ఒప్పుకొన్నాము. లైసెన్సు వున్న తుపాకి పనివానిచేత పరీక్ష జరిగింది. గొట్టం మొదట్లో తుప్పు తిని కాగితంవలె పలుచనైనది. ఎట్లా బాగుచేసినా పేలదు, పేలితే పగులుతుంది అని ఆయన తేల్చినాడు. దీపావళిలోగా బిగించి వుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అనుమతి చేతికి వచ్చిన తరువాత ఆ భాగాలను మెత్తని గుడ్డతో, కొంచెం నూనెతో తుడిచి ఒక పలకమీద అమర్చినాము. బిగించలేదు. విడివిడిగానే వుంచినాము. ఎందుకు విడివిడిగా వున్నవని పిల్లలు అడుగుతారు. అడిగినప్పుడు కథ చెబుతాము.

కొన్న స్క్రూడ్రైవర్లు వృథా కాలేదు. ప్రయాణానికి ముందురోజు మేనల్లుడు వాటితో అవ్వ కుట్టుమిషను విప్పి, శుభ్రపరచి, మళ్ళీ బిగించినాడు. ఒక్క మర తల కూడా చెడలేదు. ఆ మిషనుమీద కుట్టిన రవికనే అవ్వ ఉగాదినాడు తొడుగుకొన్నది.

సోదరులారా, మీలో కొందరు ఇంట్లో రైఫిలు బిగించుకోవడానికి చట్టం ఒప్పే దేశాలలో వున్నారు. అక్కడైనా ముందు ఆ చోటి చట్టం చదవండి, తరువాత పనిముట్లు కొనండి, ఆ తరువాత తెలిసినవానిచేత పరీక్ష చేయించండి. ఈ వరుస తప్పరాదు. వలస వచ్చినవారికి పనిముట్టు చేతబట్టే నేర్పు ఎంత అవసరమో, దాన్ని క్రింద పెట్టవలసిన వేళ తెలియడమూ అంత అవసరము.